హీత్‌క్లిఫ్ పగ అప్పు కాగితాల మీద నడిచింది

1939 నాటి ‘వదరింగ్ హైట్స్’ సినిమాలో ఒక చోట హీత్‌క్లిఫ్ గుర్రపుసాల కిటికీ అద్దంలోకి తన చేతులు పొడిచేస్తాడు. కాసేపటి క్రితమే కేథీ అతని చేతుల మురికిని ఎత్తిచూపి చులకన చేసింది. నీకు నేనిప్పుడు ఒక జత మురికి చేతులేనా అని అడిగి, ఆ చేతులతోనే ఆమె చెంప మీద కొట్టి వచ్చేశాడు. ఇక్కడ, గడ్డి వాసనలో, గుర్రాల పక్కన, ఆ చేతుల మీదే కసి తీర్చుకుంటాడు. హీత్‌క్లిఫ్‌గా వేసిన లారెన్స్ ఒలీవియర్ ఈ పనిని ఆవేశంలో చేసినట్టు చెయ్యడు. ఎప్పుడో చెయ్యాల్సింది ఇప్పటికి కుదిరింది అన్నట్టు చేస్తాడు. ఈ సినిమా ఎన్నిసార్లు చూసినా నేను ఆగిపోయేది ఈ అద్దం దగ్గరే.

అందరూ దీన్ని గొప్ప ప్రేమకథ అంటారు. కాదనను. కానీ ప్రేమ ఒక్కటే పట్టుకుని చూస్తే ఇందులో చాలా సంగతులు అర్థం కావు. ప్రేమించినవాడు అంత క్రూరుడు ఎందుకయ్యాడు? అంతగా ప్రేమించిన అమ్మాయి ఇంకొకరిని ఎందుకు చేసుకుంది? ఏ తప్పూ చెయ్యని ఇసబెల్లా ఎందుకు బలైంది? వీటికి జవాబులు అంతస్తులోనూ, ఆస్తి చట్టంలోనూ ఉన్నాయి. ఆ ముడి విప్పి చూస్తే ఈ సినిమా ఇంకా బాగా నచ్చుతుందని నా నమ్మకం.

సినిమాకు మూలం ఎమిలీ బ్రాంటీ రాసిన అదే పేరు నవల. ముందు కథ, క్లుప్తంగా. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ బీడు కొండల మీద ఒంటరిగా ఉన్న ఇల్లు వదరింగ్ హైట్స్. యజమాని ఎర్న్‌షా లివర్‌పూల్ వెళ్లి, వీధిలో దొరికిన దిక్కులేని పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వస్తాడు. వాడే హీత్‌క్లిఫ్. కూతురు కేథీకి ప్రాణమవుతాడు, కొడుకు హిండ్లీకి కంట్లో నలుసవుతాడు. పెద్దాయన పోగానే హిండ్లీ వాణ్ని గుర్రపుసాలలోకి నెట్టేస్తాడు. పెద్దయ్యాక కేథీ పక్క ఎస్టేట్ దొరబాబు ఎడ్గార్ లింటన్‌ని పెళ్లాడుతుంది. వెళ్లిపోయిన హీత్‌క్లిఫ్ డబ్బుతో తిరిగొచ్చి రెండు ఇళ్ల మీదా పగ తీర్చుకుంటాడు. ఇదంతా ఆ ఇంట్లో పనిచేసే ఎలెన్, మంచు తుఫానులో దారితప్పి వచ్చిన లాక్‌వుడ్ అనే కొత్తమనిషికి చెబుతుంది.

డబ్బున్న అమ్మాయి, పేద అబ్బాయి అనుకుంటే లెక్క తప్పుతుంది. ఇక్కడ ఉన్నవి రెండు మెట్లు కావు, మూడు. పై మెట్టు మీద లింటన్లు. థ్రష్‌క్రాస్ గ్రేంజ్ అనే పెద్ద బంగళా, కౌలు మీద వచ్చే ఆదాయం, పట్టు బట్టలు, నృత్యాలు. నవలలో పెద్ద లింటన్ ఆ ప్రాంతపు మేజిస్ట్రేట్ కూడా. నడి మెట్టు మీద ఎర్న్‌షాలు. మన మాటల్లో చెప్పాలంటే పాతకాలపు మోతుబరి రైతు కుటుంబం. నవలలో వాళ్ల గుమ్మం పైన 1500 అనే సంవత్సరం చెక్కి ఉంటుంది. అంటే వంశం పాతదే, భూమీ సొంతమే. కానీ ఆ ఇంటి ఆడపిల్ల దొరసాని కాదు. ఈ రెండు మెట్ల కిందా ఏ మెట్టూ లేకుండా నిలబడినవాడు హీత్‌క్లిఫ్.

కింద నుంచి చూసేవాడికి ఎర్న్‌షాకీ లింటన్‌కీ పెద్ద తేడా కనిపించదు. నడి మెట్టు మీద ఉన్న కేథీకి మాత్రం ఆ తేడా కొండంత. ఆమె పైనున్న మనిషి కాదు. పైకి వెళ్లే దారి ఒక్కసారి తెరుచుకున్న మనిషి. దర్శకుడు విలియం వైలర్ దీన్ని మాటల్లో కాకుండా ఒక కిటికీ దగ్గర చూపిస్తాడు. కేథీ, హీత్‌క్లిఫ్ రాత్రిపూట గ్రేంజ్ దాకా పరిగెత్తుకెళ్లి బయట నిలబడి లోపలి నృత్యాన్ని చూస్తారు. ఇద్దరి ముఖాల మీదా పడేది ఒకే వెలుగు. ఆమెకు అందులో తన రేపు కనిపిస్తుంది. అతనికి ఆమె దూరమవడం కనిపిస్తుంది. అంతలో లింటన్ల కుక్కలు మీద పడతాయి. గాయపడిన కేథీని లోపలికి మోసుకెళ్లి సేవ చేస్తారు, హీత్‌క్లిఫ్‌ని గెంటేస్తారు. గోడ దాటి వచ్చింది ఇద్దరూ, కుక్కలు తరిమింది ఇద్దరినీ. సోఫా దక్కింది ఒక్కరికే.

హీత్‌క్లిఫ్ అంతస్తు కథ పొడవునా మారుతూనే ఉంటుంది. వీధి పిల్లాడు, పెంపుడు కొడుకు, పాలేరు, చివరికి ఇంటి యజమాని. పెద్దాయన బతికుండగా పిల్లలతో సమానంగా పెరిగినవాణ్ని, ఆయన కన్నుమూయగానే హిండ్లీ ఒక్క మాటతో పాలేరును చేశాడు. ఈ కథలో అంతస్తు పుట్టుకతో వచ్చేది కాదు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు పక్కవాడికి ఇచ్చేది, లేదా లాక్కునేది. హీత్‌క్లిఫ్ ఈ పాఠాన్ని చిన్నప్పుడే, ఒంటి మీద దెబ్బలతో నేర్చుకున్నాడు. తర్వాత అతను చేసేదంతా ఈ పాఠం అప్పజెప్పడమే.

ఇప్పుడు ప్రేమ ఎక్కడ విరిగిందో చూద్దాం. మన ‘దేవదాసు’ (1953) గుర్తు చేసుకోండి. అక్కడ పెళ్లికి అడ్డుపడేది ఇంటి పరువు, పెద్దల మాట. ఇక్కడ ఆ పెద్దలెవరూ లేరు. తల్లిదండ్రులు పోయారు. అన్న తాగుడులో మునిగి ఉన్నాడు. కేథీని ఎవరూ బలవంతపెట్టరు. వద్దు అనే పెద్దమనిషి బయటెక్కడో లేడు, ఆమెలోనే కూర్చున్నాడు. నన్నడిగితే ఈ కథ ఇంత నొప్పి పెట్టడానికి కారణం ఇదే. తండ్రి అడ్డొస్తే ఆయన్ని తిట్టుకుని ఊరుకుంటాం. మనసే అడ్డొస్తే తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

కేథీ ఊగిసలాటను సినిమా ఆమె బట్టల్లో చూపిస్తుంది. గ్రేంజ్‌లో కొన్ని వారాలుండి దొరసానిలా ముస్తాబై ఇంటికొస్తుంది. ఎడ్గార్ ఒకసారి హీత్‌క్లిఫ్‌ని తక్కువ చేసి మాట్లాడితే మండిపడి అతన్ని పంపించేస్తుంది. వెంటనే గదిలోకి పోయి, ఆ ఖరీదైన గౌను ఒంటి మీద నుంచి లాగిపారేసి, పాత బట్టల్లో కొండ మీది బండ దగ్గరికి పరిగెడుతుంది. ఆ బండే చిన్నప్పుడు వాళ్ల కోట. అక్కడ ఆమె కేథీగా వేసిన తార మెర్లీ ఓబెరాన్ కాదు, గాలికి జుట్టు ఎగిరే పల్లెటూరి పిల్ల. మళ్లీ కొన్నాళ్లకు అదే గౌను, అదే ఎడ్గార్. బట్ట మార్చినంత తేలిగ్గా మనిషి మారగలిగితే ఎంత బాగుండునో అనిపిస్తుంది ఆమెను చూస్తే.

ఇక వంటింటి సన్నివేశం. అద్దం కోసిన చేతికి ఎలెన్ కట్టు కడుతుండగా కేథీ వస్తుంది. హీత్‌క్లిఫ్ చాటుకు తప్పుకుంటాడు. ఎడ్గార్ పెళ్లికి అడిగాడని, ఒప్పుకోబోతున్నానని కేథీ చెబుతుంది. హీత్‌క్లిఫ్‌ని చేసుకుంటే తన స్థాయి దిగజారిపోతుందని అంటుంది. అతను విన్నది అంతవరకే. గుర్రమెక్కి వానలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె అసలు మాట చెప్పింది: నేనే హీత్‌క్లిఫ్‌ని అని. తనకంటే అతనే ఎక్కువ తాను అని ఒక మనిషి చెప్పగలిగిన అతి పెద్ద మాట, వినాల్సినవాడు లేనప్పుడు పలికింది.

సగం వినడం, ఆలస్యంగా తెలియడం మెలోడ్రామాకు ప్రాణం. చాలామంది దీన్ని చవకబారు ఎత్తుగడ అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ మొదటి సగం అబద్ధం అయి ఉంటే అది ఎత్తుగడే అయ్యేది. కానీ కేథీ చెప్పిన రెండు సగాలూ నిజమే. అతను విన్నది అపార్థం కాదు. అంతస్తు కేథీ నోట చెప్పించిన నిజం అది. ఉండిపోయి రెండో సగం విన్నా మొదటి సగం చెరిగిపోయేది కాదు. అందుకే ఆ దృశ్యం ఇప్పటికీ పాతబడలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బండ దగ్గర కేథీయే ఒకసారి అతనితో అంటుంది: నువ్వు పారిపో, ధనవంతుడివై వచ్చి నన్ను తీసుకుపో అని. అతను అక్షరాలా అదే చేశాడు. పారిపోయాడు, డబ్బు సంపాదించాడు, వచ్చాడు. అప్పటికి ఆమె మిసెస్ లింటన్.

కేథీని స్వార్థపరురాలు అనడం తేలిక. సినిమా కూడా కొంత అటువైపే మొగ్గుతుంది. లింటన్ల కిటికీ దగ్గర తనకు ఆ అందమైన లోకమే కావాలని ఆమె తెగేసి చెప్పడం మన మనసులో నాటుకుపోతుంది. కానీ ఆ కాలంలో ఆమె చేతిలో ఏముంది? ఇల్లూ పొలమూ అన్నవే. చదువు లేదు, ఉద్యోగం అనే మాటే లేదు. నవలలో ఆమె ఎలెన్‌తో ఒక లెక్క చెబుతుంది: మేమిద్దరం పెళ్లి చేసుకుంటే బిచ్చమెత్తుకోవాలి, లింటన్‌ని చేసుకుంటే అతని డబ్బుతో హీత్‌క్లిఫ్‌ని పైకి తేగలను అని. ఆ లెక్కలో అమాయకత్వం ఉంది. అదీ ఎంత అమాయకత్వమంటే, ఆ రోజుల్లో ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ చేతి డబ్బు భర్తదయిపోతుంది. సంపాదన, సొత్తు తన పేరున ఉంచుకునే హక్కు భార్యకు 1870, 1882 చట్టాలతో గానీ రాలేదు. ఎడ్గార్ డబ్బు కేథీ చేతికి వచ్చే ప్రశ్నే లేదు, ఆమె చేతిలో ఏదైనా ఉన్నా అది ఎడ్గార్ వైపే పోయేది.

ఇక్కడి నుంచే పగ మొదలవుతుంది. హీత్‌క్లిఫ్ పగ అనగానే కత్తో తుపాకో ఊహించుకుంటాం. అతను ఎవరినీ చంపడు. తిరిగొచ్చిన రోజే ఎడ్గార్ ఇంట్లో పెద్దమనిషిలా కూర్చుని, నేను వదరింగ్ హైట్స్ కొన్నాను అని చెబుతాడు. హిండ్లీ అమ్మాడా అంటే, వాడికి ఇంకా తెలియదు అంటాడు. జూదంలో పోగొట్టుకున్న అప్పులు, తాగుడు బాకీలు అన్నీ ఈ పాత పాలేరు తీర్చేశాడు కాబట్టి ఇల్లు ఇప్పుడు పాలేరుది. దీన్ని నేరం అని ఏ కోర్టూ అనదు. చెమట పట్టకుండా, గొంతు పెంచకుండా, పూర్తిగా చట్టబద్ధంగా ఒక వంశాన్ని వాకిట్లో నిలబెట్టాడు. ఒలీవియర్ ఆ మాటలు చెప్పే తీరు చూడండి. ఎంత మర్యాదగా చెబుతాడో అంత భయం వేస్తుంది.

హిండ్లీని ఇంట్లోంచి గెంటెయ్యడు కూడా. ఉండనిస్తాడు, తాగనిస్తాడు. ఒకప్పుడు తనను ఏ ఇంట్లో ఏ స్థితిలో ఉంచాడో, అదే ఇంట్లో అదే స్థితిలో ఉంచుతాడు.

రెండో ఇంటికి దారి పెళ్లి. ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లా హీత్‌క్లిఫ్ మీద మనసు పడుతుంది. అతను ఆమెను ప్రేమించలేదు, ప్రేమిస్తున్నట్టు ఎక్కువసేపు నటించను కూడా లేదు. కేథీ హెచ్చరిస్తే, అది అసూయ అనుకుంది ఆ పిల్ల. పెళ్లయ్యాక ఆమె భర్త చేతిలోని వస్తువు. జెరాల్డిన్ ఫిట్జ్‌జెరాల్డ్ ఈ పాత్రకు సహాయనటిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. మొదట్లో మిలమిలలాడే కళ్లు, తర్వాత దువ్వని జుట్టు, ఆరిపోయిన ముఖం. ఆ ఇంటి గోడల రంగే ఆమె ముఖంలోకి వచ్చేసినట్టుంటుంది. పగ తీరేకొద్దీ దాని బరువంతా మోసింది ఎవరని అడిగితే, నేను హిండ్లీ పేరు చెప్పను, ఎడ్గార్ పేరు చెప్పను. ఈ పిల్ల పేరు చెబుతాను. హీత్‌క్లిఫ్‌ని అవమానించిన వాళ్లలో ఈమె లేదు. అతన్ని మనిషిగా చూసి ఇష్టపడిన ఇంకొక్క మనిషి ఈమే. హీత్‌క్లిఫ్ మీద నా జాలి ఎప్పుడూ ఇసబెల్లా గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

ఎమిలీ బ్రాంటీ 1847లో ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో అచ్చువేయించిన నవలలో ఈ కాగితాల పగ ఇంకా లోతుగా ఉంటుంది. హిండ్లీ తన పొలంలో ప్రతి గజమూ తనఖా పెట్టి జూదమాడతాడు. తనఖా పట్టుకున్నవాడు హీత్‌క్లిఫ్. లింటన్ల ఎస్టేట్ వారసత్వం కూతుర్ని దాటి మేనల్లుడి వైపు వెళ్లేలా రాసి ఉంటుంది. ఆ మేనల్లుడు హీత్‌క్లిఫ్‌కీ ఇసబెల్లాకీ పుట్టిన జబ్బుపిల్లాడు. అతనితో కేథీ కూతురికి బలవంతంగా పెళ్లి జరిపించి, కొడుకు చావకముందే వాడి చరాస్తి తన పేర రాయించుకుంటాడు హీత్‌క్లిఫ్. కూతురి డబ్బును కాపాడాలని ఎడ్గార్ చివరి ఘడియల్లో వీలునామా మార్చడానికి లాయరుకు కబురుపెడితే, ఆ లాయరు అప్పటికే హీత్‌క్లిఫ్‌కి అమ్ముడుపోయాడు. ఇంత పకడ్బందీ ఎలా సాధ్యమో సి.పి. సాంగర్ అనే న్యాయవాది 1926లో ఒక వ్యాసంలో విడమరిచి చెప్పాడు. నవలలోని తేదీలు, ఆస్తి చట్టం అన్నీ లెక్కకు సరిగ్గా నిలుస్తాయని చూపించాడు. ఊరి చివర పాస్టరు ఇంట్లో పెరిగిన అమ్మాయి భూమి చట్టాన్ని అంత క్షుణ్ణంగా కథలో అల్లిందంటే ఆశ్చర్యమే.

సినిమా వీటిలో చాలా భాగం వదిలేసింది. నవలలో 34 అధ్యాయాలు. కేథీ 16వ అధ్యాయంలోనే చనిపోతుంది. బెన్ హెక్ట్, ఛార్లెస్ మెక్‌ఆర్థర్ రాసిన స్క్రీన్‌ప్లే ఆ తర్వాతి తరాన్ని పూర్తిగా తీసేసింది. పిల్లలు లేరు, వీలునామాలు లేవు. దీనివల్ల రెండు మార్పులు వచ్చాయి. హీత్‌క్లిఫ్ పగ సగంలో ఆగింది కాబట్టి అతను మనకు దగ్గరయ్యాడు. పిల్లల్ని హింసించే హీత్‌క్లిఫ్‌ని తెరమీద చూసి ఉంటే, అతని కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు సగం మంది లేచిపోయేవారు. రెండోది, నాకు బాధ కలిగించేది: నవలలో పగ చివరికి అలిసిపోతుంది. హీత్‌క్లిఫ్ పాలేరుగా పెంచిన హిండ్లీ కొడుక్కి కేథీ కూతురు అక్షరాలు నేర్పిస్తుంది. ఇల్లూ పొలమూ మళ్లీ ఆ ఇద్దరికే చేరతాయి. సినిమాలో ఆ ఊరట లేదు.

నవల కథ 18వ శతాబ్దం చివరిది. నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ సినిమాలో బట్టలు మాత్రం 19వ శతాబ్దం నడిమివి. యార్క్‌షైర్ బీడును కాలిఫోర్నియా కొండల్లో తీశారు. ఇలాంటి తప్పులు నన్ను ఇబ్బంది పెట్టవు, ఎందుకంటే గ్రెగ్ టోలాండ్ కెమెరా ఉంది. ఎనిమిది నామినేషన్లలో ఈ సినిమాకు దక్కిన ఒకే ఒక్క ఆస్కార్ అతనిదే. వదరింగ్ హైట్స్ లోపల అతను సగం ముఖాల్ని చీకటికి వదిలేస్తాడు. గ్రేంజ్‌లో వెలుగు ఎక్కడ చూసినా పొంగుతుంటుంది. రెండు ఇళ్ల ఆదాయం ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు, కొవ్వొత్తుల్ని బట్టి తెలిసిపోతుంది.

చర్మం రంగు సంగతి చెప్పకపోతే ఈ ముడి విప్పడం పూర్తి కాదు. నవలలో హీత్‌క్లిఫ్ నల్లటివాడు. పెద్ద లింటన్ వాణ్ని చూసి లాస్కర్ పిల్లాడేమో అంటాడు. లాస్కర్ అంటే ఇంగ్లండ్ ఓడల్లో పనిచేసే మన వైపు నావికుడు. సినిమాలోనూ చిన్ననాటి కేథీ అతన్ని ఊరడిస్తూ, మీ నాన్న చైనా చక్రవర్తి, మీ అమ్మ ఇండియా మహారాణి అని కథ అల్లుతుంది. ఆ పాత్రకు హాలీవుడ్ పెట్టింది తెల్ల నటుణ్ని. ఇక ఎర్న్‌షాల అచ్చమైన ఇంగ్లీషు పిల్ల కేథీగా వేసిన మెర్లీ ఓబెరాన్ ఎవరు? 1911లో బొంబాయిలో పుట్టి కలకత్తాలో పెరిగిన ఆంగ్లో ఇండియన్. ఆమెను పెంచిన ఛార్లెట్ సిలోన్ మూలాలున్న స్త్రీ. తాను టాస్మేనియాలో పుట్టానని మెర్లీ జీవితమంతా చెప్పుకోవాల్సి వచ్చింది. నిజం తెలిస్తే ఒక్క వేషం కూడా దక్కేది కాదు. 1979లో ఆమె పోయాక గానీ అసలు సంగతి లోకానికి స్పష్టంగా తెలియలేదు.

ఇది తెలిశాక కేథీ వంటింటి మాటలు నాకు మునుపటిలా వినిపించడం లేదు. ఫలానావాడితో కలిస్తే నా స్థాయి దిగజారిపోతుందని చెప్పే ఆ గొంతు వెనక, తన ఇంటి మనిషిని, తన ఊరిని దాచుకోక తప్పని ఇంకో స్త్రీ ఉంది. తెర మీద కేథీ చేసుకున్న ఎంపికే తెర వెనక మెర్లీ కూడా చేసుకుంది. ఇద్దరినీ తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. హీత్‌క్లిఫ్‌గా ఒక నల్లజాతి నటుణ్ని తీసుకోవడానికి ఆండ్రియా ఆర్నాల్డ్ తీసిన 2011 సినిమా దాకా ఆగాల్సి వచ్చింది.

చివరి దృశ్యం మీద పాత గొడవ ఒకటుంది. హీత్‌క్లిఫ్ చనిపోయాక ఇద్దరి ఆత్మలూ మంచులో చేయీ చేయీ పట్టుకుని బండ వైపు నడుస్తాయి. విషాదంతో ముగిస్తే జనం ఒప్పుకోరని గోల్డ్‌విన్ పట్టుబట్టాడు. వైలర్ తియ్యనన్నాడు. డూప్‌లను పెట్టి, ఇంకొకరితో తీయించి అతికించారు. చాలామంది విమర్శకులకు ఆ షాట్ నచ్చదు. కథకు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ నేను అది వచ్చే ముందు టీవీ ఆపలేను. ఆ ఇద్దరూ మనకు వీపు చూపించి నడుస్తుంటారు. ముఖాలు కనిపించవు. గౌను ఖరీదు తెలియదు. చేతులు శుభ్రంగా ఉన్నాయో మురికిగా ఉన్నాయో ఆ మంచులో అస్సలు కనిపించదు.